సోమవారం మనిషి

పోయిన వారం భారతిని ముదిగుబ్బలో బస్సు దింపి, రోహిణి కార్తె ఎండలో నిలబెట్టి వదిలేశాం. ఆమె అక్కడికి ఎందుకొచ్చిందో తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

రాప్తాడులో హైవే పక్కన నలభై అయిదేళ్లుగా నడుస్తున్న బయమ్మ హోటలు ఆమెది. తండ్రి లింగన్న, తల్లి బయమ్మ పెళ్లయిన కొత్తలో పెట్టిన హోటలది. భారతికి ఏడేళ్లున్నప్పుడు బయమ్మ ఒక తెల్లవారుజామున ఇల్లు విడిచి పోయింది. ఎందుకు పోయిందో, ఎక్కడికి పోయిందో లింగన్న ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. హోటలు పేరు మాత్రం మార్చనివ్వలేదు. నాలుగు నెలల కిందట ఆయనా కన్నుమూశాడు. ఆ తర్వాత ఒకరోజు లారీ డ్రైవరు ఓబుళేసు బయమ్మ హోటల్లో సంగటి తింటూ, "అక్కా, ఏమనుకోవాకు. మీ ఊరిబిండి మాదిరే ముదిగుబ్బలో జమాల్ సాబ్ హోటల్లో తిన్నా. ఆడ ఇంకా రవ్వంత బాగుంటాది," అన్నాడు.

చెనిక్కాయలు, అంటే వేరుశనగ గింజలు, వేయించి, ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో దంచే ఆ పచ్చడిని భారతి ఇరవై ఏళ్లుగా చేస్తోంది. అమ్మ చేతి రుచికి ఎప్పుడూ రవ్వంత దూరంలో ఆగిపోయేది. ఓబుళేసు చెప్పిన ఆ రవ్వంత ఎక్కడుందో చూడాలని, అనంతపురంలో పనుందని భర్త గంగాధర్‌తో చెప్పి, సోమవారం పొద్దున కదిరి బస్సెక్కింది.

*

జమాల్ సాబ్ హోటలుకు బోర్డు లేదు. ఎరువుల అంగడికీ సైకిళ్లు బాగుచేసే కొట్టుకూ మధ్య రేకుల కప్పు, దాని కింద మూడు వరసల నాపబండలు, అంతే. దారి అడిగితే పూలమ్మే ఆమె, "అవ్వ హోటలా?" అని ఎదురడిగి చెయ్యి చూపించింది. గుమ్మం పక్కన నులకమంచం మీద తెల్లగడ్డం ముసలాయన ఒకరు టోపీ పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. భారతి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకోబోయి, మళ్లీ చూశాడు. వేళ్ల మధ్య వెల్లుల్లి రెబ్బ అట్లాగే ఆగిపోయింది.

భారతి అది గమనించలేదు. హోటలు మనిషి కదా, ఇంకొక హోటల్లో అడుగుపెట్టగానే ఆమె కళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. నేల తడిబట్టతో తుడిచి ఉంది. నీళ్ల బిందెకు మూతుంది. ఆకులు కడిగి ఆరబెట్టినవే. గొర్రెలు మేపుకునేవాళ్లు ఇద్దరు గొంగళ్లు పక్కన పెట్టుకుని తింటున్నారు. కొండ మీది గాలిమరల్లో పనిచేసే నీలం చొక్కాల వాళ్లు నలుగురు ఒకే బండ ముందు సర్దుకుని కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. తిండి బాగుంటే హోటలు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకు తెలుసు.

వంటింటి గుమ్మానికి దగ్గరగా, గోడ మూలలో ఒక జాగా ఖాళీగా ఉంది. అక్కడినించి లోపల పొయ్యి, పొగ, అటూ ఇటూ తిరిగే చీరకొంగు కనబడతాయి. భారతి పోయి అక్కడ కూర్చుంది.

వడ్డించే ఆమె గబగబా వచ్చింది. భారతి కంటే అయిదారేళ్లు చిన్నదై ఉంటుంది. చీరకొంగు తల మీదుగా కప్పుకుంది.

"అక్కా, ఆడ వద్దు. రవ్వంత ఇట్ల జరుగు."

"ఎవరన్నా వస్తాండారా?"

"సోమారం సోమారం ఒక పెద్దాయన వస్తాడు. ఆ జాగా ఆయనది." చెప్పి, తనే కొంచెం సిగ్గుపడినట్టు గొంతు తగ్గించింది. "వచ్చి నాలుగు నెల్లాయలే. అయినా మా పెద్దమ్మ ఎవర్నీ కూర్చోనీదు. పన్నెండు గంటలకు ఆకేసి వడ్డించి పెడతాది. రెండు దాకా చూస్తాది. మళ్ల తీసకపోయి ఆవుకు పెడతాది."

భారతి పక్కకు జరిగింది. జరిగాక అడిగింది, "ఎవరాయన?"

"ఎవరోక్కా. నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ చూస్తాండా. అనంతపురం బస్సు దిగుతాడు. ఆ బస్సే కదిరికి పోయి తిరిగొచ్చేటప్పుడు ఎక్కి పోతాడు. మాట తక్కువ మనిషి. ఒగటి మాత్రం, తిన్నాక ఆకు ఆయనే తీస్తాడు. బండ ఆయనే తుడుస్తాడు. మేం తీస్తాములే నాయనా అంటే ఇనడు. సందులో మెతుకున్నా గోరుతో గీకి తీసి గానీ లేయడు. సోమారం మనిషి అంటాము మేము."

ఆమె పేరు షాజాదీ అని, బయటి మంచం మీదున్న జమాల్ సాబ్ కూతురని భారతికి తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం ఆమెకు ఏదీ వినబడలేదు.

పెళ్లిళ్లకు పోయినా, చావు భోజనాలకు పోయినా, తను తిన్న చోటు తనే తుడిచే మనిషి భూమ్మీద ఆమెకు ఒక్కరే తెలుసు. చుట్టాలు నవ్వేవాళ్లు. "హోటలోడివి, ఈడ గూడా మానవా," అని ఎగతాళి చేసేవాళ్లు. లింగన్న నవ్వేవాడు కాదు, కోపగించుకునేవాడూ కాదు. తుడవడం పూర్తి చేసి లేచేవాడు.

సోమవారం. అవును, సోమవారాలే. గొర్రెల బేరానికని ముదిగుబ్బ వైపు పల్లెలకు పోయేవాడు. సాయంత్రానికి చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. "బేరం కుదరలేదు పాపా," అనేవాడు. మోకాళ్లు పట్టేశాక కూడా మానలేదు. ఈ వయసులో నీకు ఈ తిరుగుడేంటి, రాప్తాడులోనే కోసినది కొందాం అని భారతి ఎన్నోసార్లు కసిరింది. "పోయి రాకుంటే తోచదు," అని పంచె సర్దుకునేవాడు.

షాజాదీ ఆకు వేసింది. సంగటి ముద్ద పెట్టి, పక్కన పప్పూ, ఆ పైన ఊరిబిండీ వడ్డించింది. భారతి చూపుడువేలితో ఊరిబిండి అంచు తీసి నాలుక మీద పెట్టుకుంది.

ఏడేళ్ల పిల్ల ఎవరో ఆమె లోపల లేచి కూర్చుంది. రోటి పక్కన పీట, పీట మీద తను, దంచుతూ దంచుతూ పొత్రానికి అంటినదాన్ని వేలితో తీసి తన నోట్లో పెట్టే ఒక చెయ్యి. ఆ చేతి మనిషి ముఖం ఎట్లా ఉండేదో భారతికి గుర్తులేదు. రుచి గుర్తుంది. ఇదే అది. ఇది తన ఊరిబిండి లాంటిది కాదు. తనది దీని లాంటిది కావాలని ఇరవై ఏళ్లు ఏడ్చింది.

కొత్తగా హోటలు చేతికొచ్చిన రోజుల్లో ఆమె చింతపండు మార్చి చూసింది, మిరపకాయలు మార్చింది, వెల్లుల్లి కాల్చి వేసింది, ఉప్పు దంచి వేసింది. మార్చిన ప్రతిసారీ తండ్రికి పెట్టి ముఖం వైపు చూసేది. ఆయన కళ్లు మూసుకుని నమిలి, "ఇంకా రావల్ల," అనేవాడు. పాపం, ఎప్పుడో తిన్న రుచిని మనసులో పెట్టుకుని పోల్చుకుంటున్నాడే అని ఆమె జాలిపడేది. ఇప్పుడు తెలిసింది. ఆయన పోల్చుకున్నది మొన్న సోమవారం తిన్నదానితో.

ఆ జాలి అంతా ఒక్కసారిగా కోపంగా మారిపోయింది. ఆకు మీద చెయ్యి పెట్టి లేవబోయింది.

"ముందు ఊరిబిండి ఒక్కటే నాకేది ఇంకా మానలేదా పాపా?"

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది ఒకామె. పొట్టిగా, బక్కగా ఉంది. నెరిసిన జుట్టు ముడిలో చిన్న కనకాంబరాల చెండు, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. చేతికి పిండి అంటుకుని ఉంది.

అమ్మ కనబడితే మొదట ఏమంటుందో భారతి చిన్నప్పటినించీ వందసార్లు ఊహించుకుంది. ఏడుస్తుందనుకుంది. కాళ్ల మీద పడుతుందనుకుంది. గుర్తుపట్టదేమోనని భయపడింది. ఈ మాట మాత్రం ఆ వందలో ఎక్కడా లేదు.

"నన్ను గుర్తుపట్టినావా?" అంది భారతి.

"గుమ్మం తొక్కినప్పుడే పట్టినా. ఫోటోలు చూస్తానే ఉంటా కదా. పోయినేడు నీ పెద్దోడు పంచె కట్టుకున్న ఫోటో గూడా తెచ్చినాడు మీ నాయన." బయమ్మ గుమ్మం దాటి ఇవతలికి రాలేదు. "తిను. సంగటి సల్లారితే బాగుండదు."

"నేను తినేకి రాలేదు."

"తెలుసు. అయినా తిను."

భారతి తిన్నది. ముద్ద తరవాత ముద్ద, ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు తిన్నది. మింగుడుపడకపోతే నీళ్లు తాగి మళ్లీ తిన్నది. బయమ్మ గుమ్మానికి ఆనుకుని, బిడ్డ నోట్లోకి పోయే ప్రతి ముద్దనూ చూస్తూ నిలబడింది. షాజాదీకి ఏమీ అర్థం కాలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. భారతి తిని, ఆకు మడిచి తీసి, పక్కనున్న గుడ్డ అందుకుని బండ తుడిచింది. మూలలో ఒక మెతుకు ఉంటే గోరుతో గీకింది.

షాజాదీ చేతిలోని పప్పు గిన్నె కింద పెట్టేసింది. "పెద్దమ్మా," అంది నెమ్మదిగా. "ఈయక్క..."

"నా బిడ్డ," అంది బయమ్మ. "నువ్వు బయట చూస్కో షాజాదీ. పప్పు అయిపోతాంటే నాకు చెప్పు."

*

వెనక దొడ్లో రేకు పందిరి కింద మట్టి పొయ్యి. పొయ్యి మీద పెద్ద మూకుడు, మూకుడు నిండా నల్లబడిన ఇసుక. ఇసుకలో చెనిక్కాయ గింజలు వేసి బయమ్మ తెడ్డుతో తిప్పుతోంది. కూర్చోమని పీట జరిపింది. భారతి కూర్చోలేదు.

"ఇసుకలోనా?" అంది, ఉండబట్టలేక.

"ఊ. ఉత్త పెనం మీదయితే పైన మాడి లోపల పచ్చిగుంటాయి. ఇసుకలో అయితే నిదానంగా లోపలిదాకా వేగుతాయి. మీ నాయన చెప్పలేదా?"

"నాయన నాకు ఏం చెప్పినాడని."

ఇరవై ఏళ్లు ఏమేమో కలిపి చూసింది. కలపాల్సింది ఏదీ లేదట. ఇంత చిన్న సంగతి. ఇది చెబితే ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతానని ఆయన నోరు మూసుకున్నాడు. భారతికి ఏడుపొచ్చింది. ఏడవకూడదని పందిరి గుంజ పట్టుకుంది.

"ముప్పై నాలుగేండ్లు," అంది. "అరవై కిలోమీటర్లు గూడా లేదు మా ఊరు. ముప్పై నాలుగేండ్లు నువ్వు ఈడ ఉండావు. బడిలో అమ్మ పేరు రాయమంటే రాసి, యాడుందంటే ఏం చెప్పల్లో తెలీక తల వంచుకున్యా. పెద్దమనిషి అయిన పొద్దు పక్కింటామె పూలు పెట్టింది నాకు. కాన్పులకు పురిటి పత్యం నాయన్ను కన్న మారెక్క జేజి చేసింది, కండ్లు కనబడని కాలంలో. నాకు జ్వరమొస్తే నాయన రాత్రంతా నా పక్కలో కూర్చుండేవాడు. సోమారం పొద్దున లేసి నీ దగ్గరికి వచ్చి అన్నం తిని పోయేవాడు. మీరిద్దరూ కలిసి నన్ను ఇట్ల చేసినారు."

బయమ్మ తెడ్డు ఆపలేదు. "నీ పెండ్లికి ఓళిగలు తిన్యావా?" అని అడిగింది.

తిన్నది. వెదురుబుట్ట నిండా ఓళిగలు. అనంతపురంలో ఎవరికో చెప్పి చేయించానన్నాడు తండ్రి. ఎంత మెత్తగా ఉన్నాయని పెళ్లికొచ్చినవాళ్లంతా ఆ చేసినామె ఊరూ పేరూ అడిగారు.

"మూడు వందల ముప్పై చేసినా," అంది బయమ్మ. "షాజాదీ పూర్ణం పట్టిచ్చింది. ఇద్దరం రెండు దినాలు చేసినాము. మీ నాయన బస్సు పైన కట్టుకోని ఎత్తకపోయినాడు. కింద పడతాయేమోనని ఆ బుట్ట పక్కనే బస్సు మీద కూర్చోని పోయినాడంట."

భారతికి కోపం ఉంది. దాన్ని పట్టుకోవడానికి చేతులు చాలడం లేదు.

అప్పుడు బయమ్మ తల ఎత్తింది. ఆమె ముఖంలో మొదటిసారి కంగారు కనబడింది. "ఆయన ఏల రాలేదు పాపా? మోకాలి నొప్పి ఎక్కువైందా? కడసారి వచ్చినప్పుడు బస్సు మెట్టు ఎక్కలేక ఎవర్నో చెయ్యడిగినాడు. నేను ఈ గోడ మీంచి చూస్తాంటి. ఎవరినన్నా పంపిచ్చి కనుక్కుందామంటే పంపకూడదని మాట. ఎన్ని నెల్లయినా నేను వస్తేనే రావల్ల, నువ్వు మనిషిని పంపాకు అని మాట తీసుకొనుండె."

భారతి గుంజ వదిలేసింది.

బస్సులో వస్తూ ఆమె ఎన్నో మాటలు వరసగా పెట్టుకుంది. ఇది అందులో లేదు. ఆమెకు తెలిసే ఉంటుందని తను అనుకుందా, అసలు ఆ ఆలోచనే రాలేదా? ఎవరు చెబుతారు? రాప్తాడులో ఒక్కరికైనా తెలిస్తే కదా చెప్పడానికి. నాలుగు నెలలు, పదహారో పదిహేడో సోమవారాలు, ఈమె ఆకు వేసి, వడ్డించి, రెండు గంటలదాకా చూసి తీసేసింది.

"అమ్మా," అంది భారతి. ఆ మాట నోట్లో తిరిగి ముప్పై నాలుగేళ్లయింది. ఇట్లాంటి దానికి వాడాల్సి వస్తుందనుకోలేదు. "అమ్మా, నాయన లేడు."

తెడ్డు ఇసుకలో ఆగింది.

"మాఘమాసంలో. ఆదివారం పొద్దున. కాఫీ అడిగినాడు. నేను తెచ్చేలోపల గోడకు ఆనుకున్నాడు. కునుకు తీస్తాండాడనుకున్యా."

"ఆదివారమా," అంది బయమ్మ.

"ఊ. మరుసటి దినానికి పంచె ఇస్త్రీ చేయించి పెట్టుకొనుండె. దాన్నే కప్పినాము."

పొయ్యిలో మంట ఎగసింది. చెనిక్కాయలు ఒక్కొక్కటే చిట్లడం మొదలుపెట్టాయి. తోలు మాడుతున్న వాసన దొడ్డంతా కమ్ముకుంది. బయమ్మ చెయ్యి తెడ్డు మీదే ఉంది, కదలడం లేదు. ఆ వాసనకు షాజాదీ లోపలినించి పరిగెత్తుకొచ్చింది. పుట్టి ఇన్నేళ్లలో ఈ పొయ్యి మీద ఏదీ మాడగా చూడని మనిషి.

"పెద్దమ్మా, ఏమాయ?" అని మూకుడు దించేసి, బయమ్మ భుజాలు పట్టుకుంది. బయమ్మ ఆమె మీద వాలిపోయింది. అలవాటైన చోటుకు వాలినట్టు, చూడకుండానే వాలింది.

భారతి రెండడుగుల దూరంలో నిలబడి చూసింది. ఆ భుజం తనది కావాల్సింది. నిలబడడం ఎట్లాగో, చెయ్యి ఎక్కడ వేయాలో షాజాదీకి తెలుసు. తనకు తెలియదు. ఆ సంగతి తండ్రి చావు కంటే ఎక్కువగా ఆ క్షణాన ఆమెను కోసింది.

చాలాసేపటికి బయమ్మ తల ఎత్తింది. నుదుటి కుంకుమ చెరిగి షాజాదీ భుజానికి అంటుకుంది. దాన్ని చూసింది.

"నాలుగు నెల్లు," అంది. "దినామూ పొద్దున్నే బొట్టు పెట్టుకొంటి. సోమారమయితే పూలు పెట్టుకొంటి." నుదుటి మీదికి చెయ్యి పోయి, తుడవకుండా ఆగింది. "ఇప్పుడు ఎవరి ముందర తీసెయ్యల్ల? ఆయన నా మొగుడని ఈ ఊర్లో తెలిసింది జమాలన్నకు ఒక్కనికే."

జమాల్ సాబ్ ఎప్పుడు వచ్చాడో, కట్టె పట్టుకుని దొడ్డి వాకిట్లో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని ముఖం చెబుతోంది. నెమ్మదిగా వచ్చి భారతి కోసం వేసిన పీట మీద తనే కూర్చున్నాడు.

"మంచి మనిషి మీ నాయన," అన్నాడు భారతితో. "ఈయమ్మ మా ఇంటికొచ్చి అప్పటికి ఆరు నెల్లు. ఈ షాజాదీ తల్లి పోయి నేను ఒక్కన్నే బిడ్డనెత్తుకోని టీ కాస్తాంటే, అన్నా ఏదన్నా పని ఉంటే ఈయి అని వచ్చింది. మీ నాయన ఆ ఆరు నెల్లూ అనంతపురం మొదలుకోని ఈ రోడ్డులో ఉండే హోటళ్లన్నీ తిరిగినాడంట. ప్రతి చోటా కూర్చోని తిని, లేసి పోయినాడంట. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఈడికి వచ్చి ఊరిబిండి నోట్లో పెట్టుకోని అట్లనే కూర్చున్నాడు. నేను కారం ఎక్కువైందా అన్నా అంటే, లేదు సాబ్, సరిపోయింది అన్నాడు. కండ్లలో నీళ్లు."

భారతి నేల మీద కూర్చుండిపోయింది. తనూ అట్లాగే వచ్చింది. అదే దారిన, అదే రుచి పట్టుకుని.

"మరి ఇంటికి ఏల పిల్చుకోని పోలేదు?" అంది.

"పిల్చినాడు," అన్నాడు జమాల్ సాబ్. "ఒగసారి కాదు, ఏడాదంతా పిల్చినాడు. ఈయమ్మే పోలేదు."

భారతి తల్లి వైపు తిరిగింది. "ఏలమ్మా? జేజి తరిమిందని ఊర్లో అనుకుంటారు. జేజి పోయి పదేండ్లాయ. ఆమె పోయినాకన్నా రావచ్చు కదా."

"మీ జేజి నన్ను ఒక్క మాట అనలేదు పాపా. మంచిది ఆమె."

"మళ్ల? నాయన కొట్టినాడా? ఇంకెవరన్నా ఉండిరా? ఏముంటే అది చెప్పు. నేను నలభై ఒక్క ఏండ్లదాన్ని. ఏమి చెప్పినా ఇంటా."

"అది ఒగటి అడగాకు." బయమ్మ షాజాదీ చెయ్యి విడిపించుకుని నిటారుగా కూర్చుంది. "ఇంకేమన్నా అడుగు. ఈడనే ఉండమను, ఉంటా. నీతో రమ్మను, వస్తా. మీ నాయన కూర్చున్న గోడ చూపియ్యి, తల కొట్టుకుంటా. అది మాత్రం అడగాకు."

"నేను అడిగేది అదొక్కటే." భారతి గొంతు పైకి లేవలేదు. అంత నెమ్మదిగా తను మాట్లాడగలదని ఆమెకే తెలియదు. "నాకు గ్యాపకముండేది రవ్వంత. నాకొక తమ్ముడు ఉండె. కేశవ. రెండేండ్లోడు. వాడు జ్వరమొచ్చి చచ్చిపోయినాడు. వాని దినాలు అయిన మూడో పొద్దుకు నువ్వు లేవు. వానికోసం ఏడ్చి ఏడ్చి మతి చెడి పోయిందని ఒకరనిరి, జేజి తరిమిందని ఒకరనిరి. ఒక బిడ్డ జ్వరంతో పోతే, ఉన్న బిడ్డను గూడా ఇడిసిపెట్టి పోతారా ఎవరన్నా? చెప్పు."

"జ్వరమా," అంది బయమ్మ. ఆ మాట ఆమెకు తెలియకుండానే నోరు జారింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ భారతి విన్నది.

"జ్వరం కాదా?"

బయట ఎవరో పప్పు అడుగుతున్నారు. షాజాదీ కదల్లేదు.

"బయమ్మా," అన్నాడు జమాల్ సాబ్. "వద్దు. లింగన్నకు మాట ఇచ్చినావు. ఈ బిడ్డ బతుకంతా ఆ మాట మీద నిలబడుండాది."

"మాట తీసుకున్నోడు పాయ అన్నా," అంది బయమ్మ. "ఇంగ ఇది నన్ను తప్ప ఎవర్ని అడుగుతాది?"

లేచి వచ్చి భారతి ఎదురుగా నేల మీద కూర్చుంది. బిడ్డ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ముప్పై నాలుగేళ్ల తర్వాత మొదటిసారి తాకింది. అరచేతుల్లో ఇసుక గరగర తగిలింది. పట్టు గట్టిగా ఉంది. పారిపోతుందేమోనని భయపడి పట్టుకున్నట్టుంది.

"ముందు నువ్వు చెప్పు పాపా. నిదానంగా గ్యాపకం చేసుకోని చెప్పు. కేశవ పోయిన ఆ పొద్దు హోటల్లో నేను వడ్డిస్తాండా, మీ నాయన పొయ్యి దగ్గరుండాడు. వాడు ఎవరి సంకలో ఉన్నాడు?"

భారతి నోరు తెరిచింది. తెలియదు అని చెప్పడానికే తెరిచింది. తన సంకలో ఒక చిన్న బరువు గుర్తొచ్చి ఆ మాట రాలేదు.